మిచిగన్ వోటరు ముందుండు చివరి ప్రశ్న

అమెరికా సంయుక్త రాష్ట్రములలో అధ్యక్షుని పదవీకాలము నాలుగు సంవత్సరములు. అందులో సగము గడచునప్పటికి దేశమంతటను మఱల ఎన్నికలు వచ్చును. వీనినే మధ్యకాలపు ఎన్నికలందురు. 2026వ సంవత్సరమున వీనికి శాసనము నిర్ణయించిన దినము నవంబరు 3. ఇట్టి ఎన్నికలు వచ్చినప్పుడెల్ల లోకము వాషింగ్టను వంకనే చూచుట వాడుక. అధ్యక్షుని పలుకుబడి పెరుగునా, తరుగునా, కాంగ్రెసు సభలు ఏ పక్షము వశమగును అను లెక్కలతో పత్రికలు నిండిపోవును. ఈ లెక్కలు నిష్ప్రయోజనములని మేమనము. కాని అచ్చటి వోటు కాగితము కడు పొడవైనది. దాని పైభాగమున మనుష్యుల పేరులుండును, అడుగుభాగమున చట్టములుండును. మిచిగన్ రాష్ట్రపు కాగితమున, అందఱి కన్నును తప్పించుకొనునట్టి యా యడుగు భాగమున, రాష్ట్ర రాజ్యాంగమును మొదటినుండి చివరివఱకు సవరించుటకై ఒక ప్రత్యేక సభను పిలువవలెనా, వలదా యను ప్రశ్న 2026లో వోటరు ముందుకు రావలసి యున్నది. ఎవరు పాలింపవలె ననుదానికంటె, ఏ నియమములకు లోబడి పాలింపవలె ననునది పెద్దప్రశ్న. కావున మా పాఠకుల దృష్టిని పైభాగమునుండి అడుగునకు మరల్పగోరుచున్నాము.

మహాసరస్సుల నడుమనున్న యీ రాష్ట్రము మోటారు బండ్ల పరిశ్రమకు పుట్టినిల్లు. సుమారు కోటి జనులకు నివాసము. డెట్రాయిటు పరిసర పట్టణములలో ఇంజనీర్లుగను, వైద్యులుగను స్థిరపడిన తెలుగువారును గలరు. 2025 జులైలో ఉత్తర అమెరికా తెలుగు సంఘపు మహాసభలు ఆ పట్టణములలో నొకటియగు నోవైలోనే జరిగినవి. పౌరసత్వము పొందిన మనవారును ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలసినవారే. ఇక రాజకీయములందు ఈ రాష్ట్రము త్రాసుముల్లు వంటిది. 2016లో ట్రంపు ఇచ్చట 10,704 వోట్ల ఆధిక్యముతో మాత్రమే గెలిచెను. 2020లో బైడెను లక్షన్నరకు మించిన ఆధిక్యముతో గెలిచెను. 2024లో మఱల ట్రంపు సుమారు 80 వేల ఆధిక్యముతో గెలువగా, అదే దినమున, అదే కాగితముపై, సెనేటు స్థానము 20 వేలకు లోబడిన ఆధిక్యముతో డెమొక్రాటు పక్షమునకు దక్కెను. ఏ పక్షమునకును తనదని చెప్పుకొను వీలులేని రాష్ట్రమిది.

పైభాగపు పోటీలను గూర్చి ముందుగా చెప్పుదుము. 1992లో ప్రజలు స్వయముగా చేసికొన్న రాజ్యాంగ సవరణ ననుసరించి గవర్నరు, అటార్నీ జనరలు, రాష్ట్ర కార్యదర్శి యను మువ్వురిలో ఎవరును రెండు పర్యాయములకు మించి ఆ పదవికి ఎన్నిక కాజాలరు. గవర్నరు గ్రెచెన్ విట్మరును, తక్కిన యిరువురును 2018లోను, 2022లోను ఎన్నికైనవారు. కావున 2026లో మూడు పదవులకును క్రొత్తవారినే ఎన్నుకొనవలెను. సెనేటరు గారీ పీటర్సు తాను మఱల పోటీ చేయనని 2025 జనవరిలో ప్రకటించినందున ఆ స్థానమునకును క్రొత్తవారే రావలెను. ప్రతినిధి సభకు 13 స్థానములు, రాష్ట్ర సెనేటుకు 38, రాష్ట్ర ప్రతినిధి సభకు 110 స్థానములును ఇదే దినమున పూరింపవలసినవి. 2022లో డెమొక్రాటు పక్షమువారు సుమారు నలువది సంవత్సరముల తరువాత ఉభయసభలను ఒక్కసారిగా కైవసము చేసికొనిరి. రెండు సంవత్సరములైన తిరుగకమునుపే, 2024లో, ప్రతినిధి సభ 58 స్థానములతో రిపబ్లికనుల వశమయ్యెను.

ఈ పదవులలో రాష్ట్ర కార్యదర్శి పదవి మనకు చిన్నదిగా దోపవచ్చును. కాని అచ్చట ఎన్నికల యంత్రాంగమునకు పెద్ద ఆ యధికారియే. మనదేశమున ఎన్నికల సంఘము రాజకీయ పక్షములకు వెలుపల నుండవలెనని రాజ్యాంగమే విధించినది. అచ్చట ఎన్నికలను నడుపునట్టి అధికారి పక్షము పేరుతో ఎన్నికలలో గెలిచి వచ్చును. అంతియే కాదు, ఈ పదవికిని, అటార్నీ జనరలు పదవికిని అభ్యర్థులను సామాన్య వోటరులు గాక పక్షముల మహాసభలే నిర్ణయించును. అత్యున్నత న్యాయస్థానపు న్యాయమూర్తులను సైతము పక్షముల మహాసభలే నిలుపును. కాగితముపై మాత్రము వారి పేరుల చెంత పక్షము పేరుండదు. ఇట్టి వ్యవస్థలో పదవుల పోటీ యెంత ముఖ్యమో తెలియుచున్నది. అయినను ఈ పదవులన్నియు రెండేండ్లకో, నాలుగేండ్లకో, ఆఱేండ్లకో, ఎనిమిదేండ్లకో తీరిపోవునవి. అడుగుభాగపు ప్రశ్న యట్టిది కాదు.

ఆ ప్రశ్నను ఎవరును అర్జీపెట్టి తెచ్చినది కాదు. శాసనసభ దయచేసినదియు గాదు. రాజ్యాంగము తానే తనపై వేసికొనిన ప్రశ్న యది. 1978వ సంవత్సరమునను, అటుపైని ప్రతి పదునాఱవ యేటను, రాజ్యాంగపు సమగ్ర సవరణకు సభను పిలువవలెనాయని ప్రజల నడుగవలెనని అందు వ్రాయబడియున్నది. ఆ ప్రకారము 1978, 1994, 2010 సంవత్సరములలో ప్రశ్న వచ్చెను. మూడు పర్యాయములును ప్రజలు అధికసంఖ్యతో వలదనిరి. నాలుగవ పర్యాయము 2026. ప్రజలు ఔనన్నచో ఆఱునెలలలో ప్రతినిధుల ఎన్నిక జరుగవలెను. రాష్ట్ర శాసనసభకు ఎన్ని స్థానములో అన్ని స్థానములు, అనగా 148, ఆ సభకుండును. ఆ సభ వ్రాసినదానిని మఱల ప్రజల యెదుట నుంచవలెను. వారు సమ్మతించిననే అది అమలునకు వచ్చును. ఆ సమ్మతి లభింపనిచో పాతరాజ్యాంగమే నిలుచును.

ప్రతి తరమునకు తన రాజ్యాంగమును తానే నిర్ణయించుకొను హక్కు గలదని థామస్ జెఫర్సను 1789లో మాడిసనుకు వ్రాసిన లేఖలో వాదించెను. ఒక తరమునకు పందొమ్మిది సంవత్సరములని లెక్కయు గట్టెను. మిచిగన్ వారు 1850 నాటి రాజ్యాంగముననే ఈ భావమునకు చేరువైన నియమమును చేర్చి, పదునాఱేండ్ల గడువు పెట్టిరి. పూర్వులు వ్రాసినదానిని వంశపారంపర్యముగా మోయుట గాక, తెలిసి యంగీకరించి మోయుట యనునది ఈ నియమపు సారము. ఇది మిక్కిలి గౌరవింపదగిన యాచారమని మా దృఢాభిప్రాయము.

కాని యీ ప్రశ్నకు ఒక విచిత్రమైన చరిత్ర కలదు. 1958లో సభను పిలువవలెనన్నవారి సంఖ్యయే వలదన్నవారికంటె హెచ్చుగా నుండెను. అయినను సభ జరుగలేదు. ఏలయన, ఆనాటి నియమము ప్రకారము ఆ ప్రశ్నకు సమాధానము చెప్పినవారిలో ఆధిక్యము చాలదు. ఆ యెన్నికలో పాల్గొన్న వోటరులందఱిలో ఆధిక్యము కావలెను. కాగితము పైభాగమును పూరించి, అడుగుభాగమును వదలిపోయినవారందఱును తమకు తెలియకయే వలదన్నవారి లెక్కలోనికి పోయిరి. 1959లో ఖజానా వట్టిపోయి రాష్ట్రోద్యోగులకు ఒక జీతపుదినమున జీతము లియ్యలేని దుస్థితి కలిగెను. అంతట స్త్రీ వోటరుల సంఘమువారును, యువవర్తకుల సంఘమువారును సంతకములు సేకరించి, 1960లో ఆ నియమమును మార్చుటకు ప్రజల సమ్మతి పొందిరి. 1961లో సభకు ప్రజలు ఔననిరి. 144 మంది ప్రతినిధులు లాన్సింగులో చేరిరి. వారిలో 99 మంది రిపబ్లికనులు, 45 మంది డెమొక్రాటులు. ఆ సభకు ఉపాధ్యక్షులలో నొకడైన జార్జి రామ్నీ 1962లో గవర్నరుగా ఎన్నికయ్యెను. ప్రతినిధులలో నొకడైన కోల్మన్ యంగు తరువాత డెట్రాయిటు నగరమునకు తొలి నల్లజాతి మేయరయ్యెను. వారు వ్రాసిన రాజ్యాంగమును 1963 ఏప్రిలులో ప్రజలు ఆమోదించిరి. పదునాఱు లక్షల వోట్లలో ఆధిక్యము ఎనిమిది వేలకు లోపు. నేటి మిచిగన్ రాజ్యాంగము ఇంత సన్నని దారముపై వ్రేలాడి పుట్టినది.

1960లో మారిన నియమము వలన ఇప్పుడు భయము రెండవవైపు తిరిగినది. ఆ ప్రశ్నకు వోటు వేసినవారిలో ఆధిక్యము చాలును. పైభాగముతో విసిగి అడుగుభాగమును వదలువారు హెచ్చినకొలది, మిగిలిన కొలదిమంది చేతిలో రాజ్యాంగపు భవిష్యత్తు పడును. అప్పుడు మౌనము వలదనుట కింద పోయెను. ఇప్పుడు మౌనము ఎవరి కిందను పోదు, ఊరక పోవును.

ఇక ఈ సభ కావలెనా యను విషయమునకు వత్తము. కావలెననువారి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. మిచిగన్ ప్రజలకు స్వయముగా చట్టములు చేసికొనుటకును, శాసనసభ చేసిన చట్టములను త్రోసిపుచ్చుటకును రాజ్యాంగమున హక్కుగలదు. కాని ఆ హక్కును శాసనసభలు ఎట్లు దాటిపోయెనో చూడుడు. 2011లో చేసిన యొక చట్టము, అప్పులలో మునిగిన పట్టణముల పాలనను ఎన్నికైనవారి చేతులనుండి తీసి ప్రభుత్వము నియమించిన మేనేజరుల కప్పగించెను. 2012 నవంబరులో ప్రజలు వోటువేసి ఆ చట్టమును రద్దుచేసిరి. డిసెంబరులో శాసనసభ దాదాపు అట్టి చట్టమునే మఱల చేసి, అందులో కొంత ద్రవ్యకేటాయింపును జొనిపెను. ద్రవ్యము కేటాయించు చట్టమును ప్రజల వోటునకు తెచ్చు వీలు రాజ్యాంగములో లేదు. ఆ విధముగా ప్రజలు వీధి తలుపున వెళ్లగొట్టిన చట్టము దొడ్డిదారిన మఱల ఇంటిలో ప్రవేశించెను. అట్టి మేనేజరు పాలనలోనే 2014 ఏప్రిలులో ఫ్లింటు పట్టణమునకు డెట్రాయిటు నీరు మానిపించి ఫ్లింటు నదినీరు నిచ్చిరి. ఆ నీరు గొట్టములను తినివేయగా సీసము నీటిలో గలిసెను. లక్షకు చేరువైన జనాభాగల పట్టణమున పసిపిల్లలు ఆ నీటినే త్రాగిరి. 2015 అక్టోబరులో గాని డెట్రాయిటు నీరు తిరిగి రాలేదు. ప్రజల వోటును మన్నింపనందుకు చెల్లు ధర యెట్టిదో యీ యొక్క యుదాహరణము చాలును.

రెండవ యుదాహరణము 2018 నాటిది. కనీస వేతనము, జీతముతోగూడిన అనారోగ్యపు సెలవు అను రెండు విషయములపై ప్రజలు సంతకములతో చట్టముల ప్రతిపాదనలు పంపిరి. వానిని వోటునకు పెట్టినచో గెలుచునని యెఱిగి, శాసనసభ సెప్టెంబరులో తానే వానిని యథాతథముగా ఆమోదించెను. ఎన్నికలు ముగిసిన పిదప డిసెంబరులో వానిని బలహీనపఱచెను. ఇది రాజ్యాంగవిరుద్ధమని రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము 2024 జులైలో తీర్పు చెప్పెను. న్యాయమూర్తులలో నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు. న్యాయము దొరకుటకు ఆఱేండ్లు పట్టెను. అదియు ఒక్క వోటు తేడాతో!

ఇట్టి కంతలను పూడ్చుటకు రాజ్యాంగమునే తిరుగవ్రాయవలెనని కొంద ఱనుట సహజమే. అయినను మేము వారితో నేకీభవింపజాలము. మొదటి కారణము: కంత పడినచోట పూడ్చుకొను సాధనము ప్రజలచేతిలోనే యున్నది. గత గవర్నరు ఎన్నికలో పోలైన వోట్లలో నూటికి పది వంతుల సంతకములు, అనగా 2022 ఎన్నికల తరువాత సుమారు 4 లక్షల 46 వేలు, సేకరించినచో ఏ రాజ్యాంగ సవరణనైనను నేరుగా వోటునకు తేవచ్చును. ఈ సాధనము మొక్కవోలేదు. 2018లో నియోజకవర్గముల సరిహద్దులను గీయు పనిని శాసనసభ చేతినుండి తీసి, పదుమువ్వురు సామాన్య పౌరుల సంఘమునకు అప్పగించుటకు నూటికి 61 మంది సమ్మతించిరి. ఆ సంఘమున నలుగురు ఒక పక్షము, నలుగురు రెండవ పక్షము, అయిదుగురు ఏ పక్షమునకును చేరనివారు. 2022లో మూడు సవరణలు ఒక్కసారి నెగ్గెను. శాసనసభ్యుల కాలపరిమితిని మార్చి, వారి ఆర్థిక వివరములను వెల్లడింపవలెననునది మొదటిది. ఎన్నికదినమునకు ముందుగా తొమ్మిది దినములు వోటువేయు వీలు కల్పించునది రెండవది. గర్భధారణ, గర్భవిచ్ఛేదముల విషయమున స్వేచ్ఛను రాజ్యాంగపు హక్కుగా చేయునది మూడవది. ఈ మూడవదానికి 7 లక్షల 50 వేలకు మించిన సంతకములు వచ్చినను, అర్జీలోని పదముల నడుమ తగినంత యెడము లేదను అభ్యంతరము వచ్చి, నలుగురు సభ్యుల పరిశీలక మండలి ఇరువురుగా చీలి, దానిని కాగితమున చేర్పక నిలిపివేసెను. న్యాయస్థానము సెప్టెంబరులో కలుగజేసికొని చేర్పించెను. నవంబరులో నూటికి 56 మందికి పైగా సమ్మతించిరి. ఆ సవరణలోని ధర్మాధర్మములను గూర్చి భిన్నాభిప్రాయములుండవచ్చును; లక్షలమంది ప్రజల ప్రశ్నను అక్షరముల యెడముచూపి ఆపదలచుట తప్పని యుభయపక్షములవారును ఒప్పుకొనవలసినదే.

రెండవ కారణము: సమగ్ర సవరణ సభకు హద్దులు లేవు. ద్రవ్యకేటాయింపు కంతను పూడ్చుటకు పిలిచిన సభ, ఇల్లంతయు విప్పుటకును అధికారము గలదియే. భూస్వాములును, గృహస్థులును నగు మా పాఠకులకు ఇందులో తెలిసికొనదగిన యంశము గలదు. 1978లో ప్రజలు ఆమోదించిన హెడ్లీ సవరణ, స్థానిక ప్రభుత్వములు ప్రజల సమ్మతిలేక క్రొత్తపన్నులు వేయరాదని కట్టడిచేసెను. 1994లో ఆమోదించిన సవరణ, ఆస్తి చేతులు మారనంతవఱకు పన్నువిధింపదగు విలువ ఏటికి నూటికి 5 వంతులకో, ధరల పెరుగుదలకో, ఏది తక్కువయో దానికి మించి పెరుగరాదని నిర్ణయించెను. ఆదాయము హెచ్చినకొలది పన్నురేటును హెచ్చించుటను రాజ్యాంగమే నిషేధించినది. ఇవి మంచివా, చెడ్డవా యను చర్చ వేఱు. ఇవన్నియు, వీనితోపాటు 2018, 2022 సవరణలును, ఒక్కసభ బల్లమీదికి వచ్చును. ఒకవైపు వారికి పన్నుల కట్టడి ప్రాణము. రెండవవైపు వారికి స్త్రీల హక్కు ప్రాణము. ఎవరి ప్రాణము ఎవరి చేతిలో పడునో ఇప్పుడే చెప్పగలవా రెవరు?

మూడవ కారణము: ఆ ప్రతినిధులు ఎన్నికయగుట యిప్పుడున్న నియోజకవర్గములనుండియే. ప్రజాసంఘము గీచిన సరిహద్దులును నిర్దోషములు కావు. డెట్రాయిటు ప్రాంతమున పదుమూడు నియోజకవర్గములను జాతిని ప్రధానముగా జూచి గీచిరని 2023 డిసెంబరులో ఫెడరలు న్యాయస్థానము తప్పుపట్టగా, వానిని మఱల గీయవలసివచ్చెను. నూటికి ఒక వోటు అటో, ఇటో యను రాష్ట్రమున, పక్షావేశము ఉడుకుచున్న సమయమున, 148 మంది కూర్చుండి తరములకు నిలుచు నియమములను శాంతముగా వ్రాయుదురనుట ఆశ మాత్రమే.

కావున, వలదనుటయే క్షేమమని మా యభిప్రాయము. అయితే వలదనుటకును, వదలివేయుటకును భేదము గలదు. ప్రశ్నను చదివి, ఇప్పుడున్న రాజ్యాంగమునకు తెలిసి సమ్మతించి, వలదనువాడు ఆ రాజ్యాంగమును క్రొత్తగా తనది చేసికొనుచున్నాడు. చదువక వదలువాడు తన హక్కును పొరుగువానికి ధారపోయుచున్నాడు. వలదన్నవారి బాధ్యత అంతటితో తీరదు. ద్రవ్యకేటాయింపు మాటున దాగిన చట్టములను ప్రజల వోటునకు అందునట్లు చేయు సవరణకై సంతకములు కూర్చుట వారు పూనుకొనవలసిన పని. అది చేయనినాడు, పదునాఱేండ్ల తరువాత 2042లో ఇదే ప్రశ్న మఱింత కోపముతో తిరిగివచ్చును.

ఈ దూరదేశపు ముచ్చట మనకేల యని కొందఱు పాఠకు లనుకొనవచ్చును. మన రాజ్యాంగమునకు 2023 నాటికి 106 సవరణలు జరిగినవి. వానిలో ఒక్కదానికైనను వోటరుని నేరుగా అడిగియుండలేదు. పార్లమెంటును, కొన్నిటికి రాష్ట్ర శాసనసభలును సమ్మతించినవి. గోవా భవిష్యత్తును గూర్చి 1967లోను, సిక్కిమును గూర్చి 1975లోను అచ్చటివారి నడిగిన సందర్భములు మనదేశమున అరుదైనవి. ఇంత విశాలదేశమున మిచిగన్ పద్ధతిని యథాతథముగా తెచ్చిపెట్టుమని మేము చెప్పుట లేదు. ద్రవ్యబలముతో సంతకములు కొనువారును, పదములను మెలిపెట్టి ప్రశ్నలు వ్రాయువారును అచ్చటనే కాదు, ఎచ్చటనైనను పుట్టుకొనివత్తురు.

కాని ప్రజలు ప్రతినిధులను ఎన్నుకొనుటయే గాక, కూర్చుండి స్వయముగా నిర్ణయించుటకు ఏర్పడిన స్థానము మనకును ఒకటి గలదు. 1992 నాటి 73వ సవరణవలన గ్రామసభకు రాజ్యాంగమున చోటు దొరికినది. వోటరుల జాబితాలో పేరున్న ప్రతివాడును అందు సభ్యుడే. చెరువు మరమ్మతును గూర్చి, పనుల జాబితాను గూర్చి, లబ్ధిదారుల యెంపికను గూర్చి అచ్చట ప్రశ్నించు నధికారము వానికి గలదు. ఆ సభ జరుగు దినమున ఊరిలోని చదువుకొన్న గృహస్థులలో ఎందఱు వెళ్లుచున్నారు? తీర్మానముల పుస్తకమున సంతకములు ఇంటింటికి తిరిగి పెట్టించుకొను గ్రామములు ఎన్ని? మిచిగన్ వోటరు తన కాగితపు అడుగుభాగమును చదువక విడిచినచో మనము తప్పుపట్టుటకు ముందు, మన గ్రామసభ నోటీసును మనము చదివితిమా యని విచారించుకొనుట న్యాయము. వచ్చు గ్రామసభకు మా పాఠకులు తప్పక వెళ్లి, కార్యక్రమ పట్టికలో చివరగా నున్న యంశమును ముందుగా చదువవలెనని కోరుచున్నాము.